నాయన నడకకు ఇంగ్లీషు మాట

ముప్పయ్యేళ్లకు పైగా పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన మనిషిని నేను. తిన్నగా పోని వాటికి ఆ భాషలో ఎన్ని మాటలున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. దారి వంపు తిరిగితే బెండ్. కొండ మీద దారి అటొకసారి ఇటొకసారి విరుగుతూ పోతే జిగ్‌జాగ్. ఏరు తనకు తోచినట్టు మెలికలు పోతే మీయాండర్. తీగ చుట్టుకుంటే ట్వైన్, పైరు గాలికి ఊగితే స్వే, ఉయ్యాల ఊగితే స్వింగ్, చక్రం ఇరుసు మీద నిలవక అల్లాడితే వాబుల్. ఇన్ని తెలిసిన నేను, ఒక్క మాట చెప్పాల్సిన చోట అది చెప్పకుండా ఇంకో మాట చెప్పి వచ్చాను. అప్పుడు నాకు పదిహేనేళ్లు. చిన్నపిల్లవు, నీకేం తెలుసు అని ఎవరైనా అంటారేమో. తెలుసు. తెలిసే చెప్పలేదు. మొన్న మా తమ్ముణ్ణి బెంగుళూరులో డాక్టరుకు చూపించుకుని వచ్చినప్పటి నుంచీ ఇదే తలపోత. ఏ పని మీదా మనసు నిలవడం లేదు. అందుకే రాస్తున్నాను.

మా నాయనకు హిందూపురంలో చింతపండు, బెల్లం వ్యాపారం ఉండేది. ముందువైపు అంగడి, వెనకవైపు ఇల్లు. మధ్యలో సన్నటి నడవా, దానికి రెండు పక్కలా గోనెసంచులు. బడి నుంచి వచ్చి ఆ నడవాలో అడుగు పెడితే చాలు, పులుపూ తీపీ కలిసిన వాసన ముక్కుకు తగిలేది. కొత్తవాళ్లకు తల పట్టేసేది కానీ మాకు ఆ వాసన లేకపోతే ఇంటికొచ్చినట్టే ఉండేది కాదు. పొద్దున్నే అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, వాకిట్లో నీళ్లు చల్లి, పొయ్యి ముందు కూర్చుని బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసేది. నాయన స్నానం చేసి, మడత నలగని తెల్లపంచె కట్టుకుని, ఒక ముద్ద తిని అంగట్లోకి పోయేవాడు. కాఫీ తప్ప ఇంకో అలవాటు లేదు. వక్కపొడి కూడా వేసుకునేవాడు కాదు. పెళ్లిళ్లలో సోడా ఇస్తే కూడా, గ్యాసు మనకెందుకబ్బా అని వెనక్కి ఇచ్చేవాడు. అంతటి చాదస్తం.

ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి ఇంగ్లీషు. ఎనిమిదో తరగతిలో బడి మానిపించి తాతయ్య అంగడి గద్దె మీద కూర్చోబెట్టాడట, ఆ కోరిక అట్లే మిగిలిపోయింది. వాక్యం కూడబలుక్కోవడం రాదు, మాటలు మాత్రం ఏరుకునేవాడు. సంచుల మీది అచ్చు, రైలు టిక్కెట్టు వెనక ఉన్న రాత, మందు సీసా చీటీ, ఏదీ వదిలేవాడు కాదు. నేను బడి నుంచి రాగానే, "ఏం పాపా, ఈ దినం ఏం మాట తెచ్చినావు?" అని అడిగేవాడు. జామపండు తెచ్చావా అన్నట్టే అడిగేవాడు. చెబితే రెండు మూడుసార్లు నోట్లో ఆడించుకుని, బేరానికి వచ్చినవాళ్ల మీద ప్రయోగించేవాడు. గోరంట్ల నుంచి బెల్లం తెచ్చే రైతును "ఏమప్పా, డిలే చేస్తివే" అంటే, ఆయన అదేదో కొత్త రకం మర్యాద అనుకుని నవ్వేవాడు.

పెనుకొండలో మా అత్త ఉండేది. సెలవుల్లో నాయన నన్ను వెంటబెట్టుకుని అక్కడికి తీసుకుపోయేవాడు. ఒకసారి కొండ మీదికి పోయే దారిలో కొంత దూరం నడిచాం. అది ఇటు తిరుగుతుంది, మళ్లీ అటు తిరుగుతుంది, ఎంత నడిచినా ఊరు కాళ్ల కిందే కనబడుతుంది. "దీన్ని ఏమంటారు పాపా ఇంగ్లీషులో?" అన్నాడు. "జిగ్‌జాగ్" అన్నాను. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందో చెప్పలేను. నాలుగు రోజులు అదే మాట. అవ్వ రాగిముద్ద తిప్పుతుంటే జిగ్‌జాగ్, తమ్ముడు పలక మీద అక్షరాలు వంకరగా రాస్తే జిగ్‌జాగ్. అవ్వ దాన్ని జిగిజాగి చేసి, "మీ నాయన జిగిజాగి యాడికి పోయినాడు చూడు" అని నన్ను అంగట్లోకి పంపేది. ఆ రోజుల్లో నాయన గట్టిగా నడిచేవాడు. ముందు ఆయన, వెనక నేను, అందుకోవాలంటే పరుగెత్తాల్సి వచ్చేది.

ఆ వంకర మాటలన్నీ మాకు నేర్పింది మా ఇంగ్లీషు సారు. మంచి సారు. ఏ మాటనైనా ఆడి చూపించేవాడు. పాము పోయినట్టు చెయ్యి తిప్పేవాడు, ఉయ్యాలకు ఒళ్లంతా ఊపేవాడు. ఒకరోజు స్టాగర్ అని నల్లబల్ల మీద రాసి, చొక్కా గుండీ ఊడదీసి, కళ్లు సగం మూసి, బల్లను పట్టుకుని ఇటు రెండడుగులు, అటు రెండడుగులు తూలుతూ నడిచాడు. తరగతి విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. "ఎవుర్రా ఈ మనిషి?" అన్నాడు సారు. అందరం ఒకే గొంతుతో "తాగుబోతు సార్" అన్నాం. సాయంత్రం నాయనకు ఆ మాట చెప్పాను, సారు మాదిరే నడవాలో నడిచి చూపించాను. నాయన కూడా నవ్వాడు. అవ్వ మాత్రం, "శెట్లింట్లో ఆ ఆటలేమి, నిలబడు సరిగ్గా" అని కసిరింది.

మరుసటి ఏడో, ఆ పై ఏడో, నాయన నడకలో తేడా వచ్చింది. మొదట ఎవరికీ తెలియలేదు. నడవాలో పోతూ గోడకు చెయ్యి ఆనించేవాడు. తర్వాత కాళ్లు ఎడంగా పెట్టి నడవడం మొదలుపెట్టాడు. చెప్పు ఒకటి జారి వెనక ఉండిపోతే చూసుకోకుండా ముందుకు పోయేవాడు. బజారులో తిన్నగా పోదామని బయలుదేరి ఎడమవైపుకు ఒరిగి, మళ్లీ సర్దుకుని, కుడివైపుకు పోయేవాడు. మాట కూడా ముద్ద ముద్దగా వచ్చేది, నాలుక మొద్దుబారినట్టు. ఇంకేం కావాలి ఊరికి. మంచినీళ్ల కొళాయి దగ్గర ఒకామె ఇంకొకామెతో, "శెట్టి మొదలుపెట్టినాడంట కదా, పగలే" అంటుంటే నేను నా చెవులతో విన్నాను. బిందె నిండకముందే ఇంటికి వచ్చేశాను.

ఆ మాట అవ్వ చెవిన కూడా పడింది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. అమ్మనూ నన్నూ వంటింట్లో కూర్చోబెట్టి, "ఇంగ ఈ ఇంట్లో తూలడమనే మాట ఎవురి నోట్లోనించీ రాకూడదు. కాలు నిలకడ లేదనండి, నీరసమనండి, ఏమన్నా అనండి. ఆ మాటొక్కటి వద్దు" అంది. తెలుగులో ఆ మాట వెంటే సారాయి వాసన వస్తుంది మరి. తూలే మనిషి అంటే ఎవరూ జబ్బు మనిషి అనుకోరు. అప్పటి నుంచి మా ఇంట్లో నాయన నడక గురించి మాట్లాడాలంటే చుట్టూ తిప్పి మాట్లాడేవాళ్లం. అమ్మ "మీ నాయనకు అట్లయితాండాది" అనేది. అట్ల అంటే ఏమిటో అందరికీ తెలుసు. నాయన సాయంత్రం పూట గుడికి పోవడం మానేశాడు, అంతే.

చివరికి బెంగుళూరు ఆస్పత్రికి పోదామన్నారు. అమ్మ తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయింది. నాయన, అవ్వ, నేను పోయాం. నేనెందుకంటే ఇంగ్లీషు కోసం. కన్నడం నాయనకు తెలుగు మాదిరే వచ్చు కానీ, అక్కడి పెద్ద డాక్టరు ఉత్తరాది మనిషి, ఆయనకు కన్నడమూ రాదు తెలుగూ రాదు అని ముందే చెప్పారు. రైల్లో దారి పొడుగునా నేను మాటలు వెతుక్కున్నాను. స్టాగర్ అనే మాట వెంటనే వచ్చి నిలబడింది. దాన్ని పక్కకు నెట్టాను. ఆ మాట అంటే డాక్టరు కళ్ల ముందు మా సారు చొక్కా గుండీ ఊడదీసుకుని నడుస్తాడు, నాయన అక్కడే కూర్చుని ఉంటాడు. వాబుల్ అందామా అంటే అది చక్రానికి. స్వే అంటే పైరుకు. అన్నిటిలోకీ గౌరవమైన మాట ఏదా అని చూశాను. పదిహేనేళ్ల పిల్లకు జబ్బు కంటే గౌరవమే పెద్దదిగా కనబడింది. కాదు, అది కూడా అబద్ధమే. ఇంట్లో పెద్దవాళ్లకూ అట్లే కనబడింది, నేను వాళ్ల పిల్లను.

గది నిండా జనం. డాక్టరు తల ఎత్తి, ఏమిటి ఇబ్బంది అని ఇంగ్లీషులో అడిగాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. నాయన స్టూలు మీద, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, పరీక్ష రాయబోయే పిల్లవాడి మాదిరి కూర్చున్నాడు.

"మై ఫాదర్ ఈజ్ స్వింగింగ్, సార్" అన్నాను.

డాక్టరు చిన్నగా నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. వేలితో తల చుట్టూ గిర్రున తిప్పి చూపించి, "గిడ్డీనెస్?" అన్నాడు. నాకు తప్పించుకునే దారి దొరికింది. తల తిరగడం మర్యాదైన జబ్బు, ఎవరికైనా వస్తుంది. "ఎస్ సార్" అన్నాను. నడక ఎట్లా ఉంది అని కూడా అడిగాడు. అది బాగా గుర్తు. "స్లో, సార్" అన్నాను. ఆయన నాయన చెవుల్లో దీపం వేసి చూశాడు, నాలుక చాపమన్నాడు, చీటీ రాశాడు. లేచి నడవమనలేదు. వెనక ఇంకా ఇరవై మంది నిలబడి ఉన్నారు.

తిరుగు రైల్లో అవ్వ కునుకు తీస్తోంది. నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "స్వింగ్ అంటే ఉయ్యాల కదా పాపా?" అన్నాడు. అవునన్నాను. "నేను ఉయ్యాల ఊగుతాండాననా చెప్పినావు?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టబోతే ఆ చెయ్యి గురి తప్పి నా భుజం మీద పడింది. "పోనీలే, ఉయ్యాలే బాగుండాది" అన్నాడు. నేను స్టాగర్ అనే మాట చెప్పి నడిచి చూపించిన రోజు ఆయనకు గుర్తుందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. అడగలేదు. అడిగే ధైర్యం వచ్చేలోపు ఆయన మాట పూర్తిగా పోయింది.

ఆ మందులు చెవికి సంబంధించినవి, తలతిరుగుడుకు ఇచ్చేవి. వాటితో నిద్ర మత్తు. మూడు పూటలా తప్పకుండా వేసుకునేవాడు, నేనే గ్లాసుతో నీళ్లు అందించేదాన్ని. గద్దె మీద కూర్చుంటే కళ్లు మూతలు పడేవి. తూగే మనిషి, ముద్ద మాట, సగం మూసిన కళ్లు. ఊరికి ఉన్న ఆ కాస్త అనుమానం కూడా తీరిపోయింది. మందులు మార్చాలని ఎవరికీ తోచలేదు, బెంగుళూరు డాక్టరు రాసినవి కదా. రెండేళ్లకు గోడ పట్టుకున్నా నడవలేని స్థితి వచ్చింది. తర్వాత మంచం. నేను డిగ్రీ చదువుతుండగా ఒక చలికాలం జ్వరం వచ్చి, ఊపిరితిత్తులకు నెమ్ముచేసి పోయాడు. చావింట్లో మగవాళ్లు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నది కిటికీలోంచి వినబడింది. "మంచోడే పాపం. ఆ అలవాటే తినేసింది." అవ్వ కూడా విన్నది. లేచి కిటికీ మూసింది. ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు లేదు.

నేను ఇంగ్లీషు టీచరునయ్యాను, ధర్మవరం మనిషిని చేసుకున్నాను, అక్కడే స్థిరపడ్డాను. మా వీధిలో అప్పట్లో ఇంటింటికీ మగ్గం గుంట ఉండేది. పొద్దున లేస్తే మగ్గంలో దారం చుట్టిన నాడె అటూ ఇటూ పోయే చప్పుడే. ఇప్పుడు మరమగ్గాల మోత. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక పాఠంలో, బళ్ల మధ్య సందుల్లో అటూ ఇటూ దూరుకుంటూ పోవడాన్ని కూడా ఇంగ్లీషులో వీవ్ అంటారని, నేతకూ దానికీ ఒకటే మాటని పిల్లలకు చెప్పాల్సి వచ్చింది. నేతగాళ్ల పిల్లలు, తెగ సంబరపడ్డారు. నేను కూడా వాళ్లతో పాటు సంబరపడి, మరుక్షణం, నాయనకు చెప్పి ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనుకున్నాను. ఇన్నేళ్లలో స్టాగర్ అనే మాట మాత్రం ఏ తరగతిలోనూ ఆడి చూపించలేదు. పాఠంలో వస్తే అర్థం నల్లబల్ల మీద రాసి, పేజీ తిప్పించేదాన్ని. ఎందుకు మేడమ్ అని ఎవరూ అడగలేదు. పిల్లలు అంత పట్టించుకోరు.

ఇక తమ్ముడి సంగతి. వాడే ఇప్పుడు హిందూపురం అంగడి చూసుకుంటున్నాడు. యాభై దాటాడు. మొన్న ఎండాకాలంలో ఫోన్ చేసి, "అక్కా, చెప్పు కాల్లోనించి జారిపోయినా తెలీలేదు. వెనకాల ఎవురో పిల్సి ఇచ్చిరి" అన్నాడు నవ్వుతూ. మరునాడే రైలెక్కి పోయాను. అంగట్లో వాడు లేచి నాకు ఎదురొచ్చిన నాలుగడుగులు చూశాను. చాలు. ఇంకే పరీక్షా అక్కర్లేదనిపించింది.

ఈసారి బెంగుళూరులో డాక్టరు చిన్నపిల్ల, కదిరి వైపు మనిషి, తెలుగులోనే మాట్లాడింది. "మీ నాయన ఎట్లా నడిచేవారమ్మా?" అని నన్ను అడిగింది. "తూలేవాడు" అన్నాను. అరవై దాటిన తర్వాత మొదటిసారి ఆ మాట నాయన గురించి నా నోటితో అన్నాను. ఆమె తల కూడా ఎత్తకుండా రాసుకుంది. తర్వాత నేల మీద ఒక గీత చూపించి, మడమకు వేళ్లు తగిలేట్టు నడవమంది. తమ్ముడు రెండో అడుగుకే ఒరిగిపోయాడు. నన్నూ నడవమంది. నేను ఆ చివర దాకా తిన్నగా నడిచాను. తిరిగి చూస్తే తమ్ముడు నన్ను చూసి చప్పట్లు కొడుతున్నాడు.

ఇది వంశంలో వచ్చే జబ్బని, తలలో నడకను సరిచేసే భాగం మెల్లగా అరిగిపోతుందని ఆమె చెప్పింది. దానికో పొడుగాటి పేరు కూడా చీటీ మీద రాసింది. నేను ఆ పాత సంగతంతా చెప్పాను, స్వింగ్ అన్నదీ, మందులూ. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అప్పుడు మీరు సరైన మాటే చెప్పినా చేసేదేమీ లేదమ్మా. దీనికి మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మీ వల్ల పోయింది ఏమీ లేదు" అంది. మంచి మనసుతో అంది. ఇన్నేళ్ల బరువు దిగిపోవాలి కదా. దిగలేదు. నాయన ప్రాణం నా మాట వల్ల పోలేదు, నిజమే. కానీ నేను ఆ రోజు తూలుతాడని చెప్పి ఉంటే, లేపి నడిపించి చూసి ఉండేవాడు ఆ డాక్టరు. మందు లేకపోయినా ఒక పేరు ఉండేది. ఇదిగో జబ్బు అని ఊరికి చూపించుకునే చీటీ ముక్క ఉండేది. ఆయన పరువు కాపాడాలని ఏ మాట దాచానో, ఆయన పరువు నిలబెట్టగలిగింది ఆ మాటొక్కటే. ఇది అర్థం కావడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

తమ్ముడి కాలం వేరు. వాడు నాలుగు కాళ్ల చట్రం పట్టుకుని నడివీధిలో నడుస్తాడు. ఎవరైనా అడిగితే ఆ పొడుగు పేరు చెప్పేస్తాడు, నోరు తిరక్కపోతే జేబులోంచి చీటీ తీసి చూపిస్తాడు. జనం అయ్యో అంటారు, కుర్చీ లాగి కూర్చోబెడతారు, దారి ఇస్తారు. వాడు గుడికి పోతాడు, పెళ్లిళ్లకు పోతాడు. చూస్తే సంతోషంగానే ఉంటుంది. ఆ వెంటనే, నడవాలో గోడ పట్టుకుని, ఎవరూ లేరని చూసుకుని అడుగు వేసే నాయన గుర్తుకొస్తాడు. ఒకే ఇంట్లో, ఒకే జబ్బుతో, కొడుకు పట్టపగలు నడుస్తున్నాడు, తండ్రి దాక్కుని నడిచాడు.

పోయిన వారం అంగట్లో తమ్ముడి పక్కన కూర్చుని ఉంటే రంగప్ప వచ్చాడు. మా అంగడికి ఎదురుగా ఒకప్పుడు కాఫీ హోటలు నడిపినాయన, ఎనభై దాటాయి, నాయనకు రోజూ రెండుసార్లు కాఫీ పంపినవాడు. తమ్ముడు లోపలికి పోయాక నా పక్కన కూర్చుని, మెల్లగా అన్నాడు.

"ఏం ఖర్మమ్మా ఇది. మీ తమ్ముడు నాయన మాదిరి కాదే, చుక్క ముట్టనోడు. వానికి రావల్నా ఈ జబ్బు?"

నేను ఆయన వైపు తిరిగి కూర్చున్నాను. "రంగప్పా, నాయన కూడా ముట్టలేదు. ఇదే జబ్బు ఆయనకూ. డాక్టరమ్మ చెప్పింది, మా వంశంలోనే ఉండాది. ఆయన తాగి తూలలేదు, జబ్బుతో తూలినాడు" అన్నాను. ఆగకుండా మొత్తం చెప్పాను. బెంగుళూరు, ఆ మందులు, ఆ నిద్ర, నేను చెప్పిన మాట, చెప్పని మాట. తమ్ముడి చీటీ తెరిచి చూపించాను. కళ్లల్లో నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు. ఆయన అంతా విన్నాడు. చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, మడిచి నా చేతికి ఇచ్చాడు. నా మొహంలోకి జాలిగా చూశాడు.

"కూతురంటే ఇట్లుండల్లమ్మా" అన్నాడు. "సచ్చిపోయిన నాయన మీద మాట పడనీకుండా ఎంత బాగ చెప్తివి."